ఇంట్లోంచే కదా, మేడమ్!

"ఇంట్లోంచే కదా మేడమ్, మీకేం కష్టం?" అంటుంది ఫోనులో కంపెనీ అమ్మాయి. మావారూ ఆ మాటే అంటారు. మా ఆడపడుచైతే "హాయిగా కూర్చుని సంపాదిస్తున్నావు వదినా" అని ఓ నిట్టూర్పు కూడా విడుస్తుంది. ఇంట్లో ఆడది చేసేదేదీ పని కాదన్నది తాతలనాటి లెక్క. కొత్తేమిటంటే, ఇప్పుడు ఆ లెక్కను నమ్ముకుని కంపెనీలు వెలుస్తున్నాయి.

నేను పియానో నేర్పుతాను. చిన్నప్పుడు సికింద్రాబాదు కాన్వెంటులో నేర్చుకున్న విద్య. ఇంటికొచ్చే పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. 2020లో కరోనా వచ్చి తలుపులు మూయించాక పాఠాలన్నీ తెర మీదికెక్కాయి. తర్వాత తలుపులు తెరుచుకున్నా, చాలామంది తెర దిగి రాలేదు. అలాంటి ఒక స్టార్టప్ కంపెనీకి రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాను. పేరెందుకు లెండి.

ముందు పాఠం సంగతి చెబుతాను, ఆనక డబ్బు సంగతి.

1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్సులో బార్తొలొమియో క్రిస్టోఫొరి అనే ఆయన ఈ వాద్యాన్ని తయారుచేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డులో కీ ఎంత గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒకే తీరున వచ్చేది. ఈయన తీగెను మీటడం మానిపించి, చిన్న సుత్తితో కొట్టించాడు. దాంతో వేలు మెల్లగా పడితే మెల్లగా, గట్టిగా పడితే గట్టిగా పలకడం మొదలుపెట్టింది. అందుకే 'మెల్లగా, గట్టిగా' అని అర్థం వచ్చేలా 'పియానో ఎ ఫోర్తె' అన్నారు. వాడుకలో 'పియానో' మిగిలింది. అంటే, మెల్లగా అని.

ఆ మెల్లదనమే ఈ వీడియో కాల్‌లో మొట్టమొదట చచ్చిపోతుంది! ఇది మనుషుల మాటల కోసం పుట్టినది. సన్నగా ఉన్న శబ్దాన్ని పెంచుతుంది, పెద్దదాన్ని అణుస్తుంది, ఎక్కువసేపు సాగే స్వరాన్ని ఫ్యాను చప్పుడనుకుని మింగేస్తుంది. జూమ్‌లో సంగీతం వాళ్ల కోసం 'ఒరిజినల్ సౌండ్' అని ఒక ఏర్పాటుంది. మా కంపెనీ సొంత యాప్‌లో అదీ లేదు. అడిగితే "టెక్ టీమ్‌కి చెప్తాం మేడమ్" అన్నారు. ఆ టీమ్ ఏ లోకంలో ఉందో!

పోనీ ఇద్దరం కలిసి వాయిద్దామా? టెక్సాస్‌లో పిల్లవాడికీ నాకూ మధ్య సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎక్కడా ఆగకపోయినా పోయి రావడానికి సెకనులో 7వ వంతు పడుతుంది. వేగంగా నడిచే పాటలో ఆపాటికి ఒక స్వరం దాటిపోతుంది. కాబట్టి తాళం చరిచే వీల్లేదు. వాడు వాయించాలి, నేను వినాలి. అక్కడ సాయంత్రం 6 గంటలైతే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 4:30. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటే నాకు 5:30. పాలవాడికన్నా ముందు లేచి, అందరూ నిద్రపోయే ఇంట్లో నేను "వన్, టూ, త్రీ" అంటుంటాను.

కొందరిళ్లలో మంచం మీద 61 కీల బొమ్మలాంటి కీబోర్డు. ఎలా నొక్కినా ఒకే మోత. క్రిస్టోఫొరికి ముందు కాలానికి వెళ్లిపోయామన్నమాట. కెమెరాలో పిల్లవాడి నుదురు కనిపిస్తుంది, చేతులు కనిపించవు. మణికట్టు ఒంగిపోతే ఎదురుగా ఉన్న టీచరు వేలితో లేపుతుంది. తెర మీంచి ఎలా లేపను?

ఆన్‌లైన్ పాఠమే దండగ అనడం లేదు సుమండీ. టీచరు దొరకని ఊళ్లో పిల్లలకి అదే దిక్కు. టెక్సాస్ పిల్లవాడి అమ్మమ్మగారు విజిటర్ వీసా మీద వెళ్లి వాళ్లింట్లో ఆరు నెలలున్నారు. ఒకప్పుడు వీణ నేర్చుకున్నావిడ. క్లాసులో మనవడి పక్కన కూర్చుని, "ఇలాగేనామ్మా?" అని నన్నడిగి వాడి చెయ్యి సరిచేసేవారు. ఆ ఆరు నెలల్లో వాడికి వచ్చినంత, అంతకు ముందు ఏడాదిలో రాలేదు. కంపెనీ ప్రకటనేమో "తల్లిదండ్రులు పట్టించుకోనక్కర్లేదు" అంటుంది!

ఇక డబ్బు. కొత్తగా చేరేవాళ్లకి డెమో క్లాసు చెప్పాలి. కీల మీద రంగు కాగితాలు అంటించి, పాతిక నిమిషాలలోగా పిల్లచేత ఏదో ఒక పాట ముక్క వాయించి తీరాలి. తల్లి మురిసి చేరిందా, నాకు డబ్బు. చేరలేదా, సున్న. పిల్లవాడు రాకపోతే పావుగంట తెర ముందు కాచుకోవాలి, దానికీ సున్న. కరెంటు పోతే తప్పు నాది. క్లాసు అయ్యాక రాసే రిపోర్టుకి లెక్కే లేదు. ఒకావిడ మాటల్లో తను కట్టే ఫీజు చెప్పింది. అందులో నాకొచ్చేది మూడో వంతు కూడా కాదు. పైగా నన్ను ఉద్యోగి అనరు, 'పార్ట్‌నర్' అంటారు. లాభంలో వాటా లేని పార్ట్‌నర్‌ని ఎక్కడైనా చూశారా?

"ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చుగా" అంటారు మావారు. మానేస్తే, పొద్దున్న కాస్త తీరిక ఉన్న ఇంకో ఇల్లాలు దొరుకుతుంది. వాళ్ల ధైర్యం అదే. అందుకే మానను, అడుగుతాను. మీరూ అడగండి. పిల్లని చేర్చే ముందు, "డెమో చెప్పినావిడకి డబ్బిచ్చారా?" అని ఆ కంపెనీ అమ్మాయినే అడగండి. ఫీజు కట్టేది మీరు కాబట్టి మీకు జవాబు చెప్పక తప్పదు. నెలరోజుల్లో పాట వచ్చేస్తుందన్నవాళ్లని, ఆ పాటని మెల్లగా కూడా వాయించగలదా అని అడగండి. చుక్కలిచ్చేటప్పుడు, మీ ఇంటి వైఫై చేసిన తప్పుకి టీచరు చుక్క కొయ్యకండి. చుక్కలు తగ్గితే నాకు క్లాసులు తగ్గుతాయి.

డెమోకి డబ్బివ్వాలని, యాప్‌లో సంగీతానికి పనికొచ్చే ఏర్పాటు పెట్టాలని మేము పదకొండు మంది టీచర్లం కలిసి కంపెనీకి ఉత్తరం రాశాం. రాసి నెల దాటింది. వాళ్ల దగ్గర్నుంచి ఇంతవరకూ వచ్చిందల్లా, వాట్సాప్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి.