నింద కాదు, నిరూపణ కావాలి

నాదెండ్ల నుంచి పెళ్లికో తిరుపతికో వెళ్లేందుకు సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకున్నారనుకుందాం. తిరిగి అప్పగించాక ఇంజిన్ మొరాయిస్తే, ‘తప్పుడు ఇంధనం పోశారు’ అంటూ యజమాని డిపాజిట్ ఆపేయడం అన్యాయం. ఆరోపించినవారే దాన్ని నిరూపించాలి.

డీజిల్ కారులో పెట్రోలు పోస్తే హైప్రెషర్ పంపులో కందెన గుణం తగ్గి లోహం అరిగిపోతుంది. పెట్రోలు కారులో డీజిల్ పడితే పొగ కమ్ముతుంది, ప్లగ్గులు మసిబారతాయి, బండి ఆగిపోతుంది. అయితే మూసుకుపోయిన ఫిల్టరు, ట్యాంకులో చేరిన నీరు, అరిగిన పంపు కూడా ఇంజిన్‌ను ఇలాగే ఇబ్బంది పెట్టగలవు. అందుకే మెకానిక్ నోటిమాట చాలదు. ఇరుపక్షాల ఎదుట నమూనా తీసి, సీలు వేసి ల్యాబుకు పంపాలి. కబురైనా చేయకుండా ట్యాంకు ఖాళీ చేయించిన యజమాని ఆరోపణకు విలువ ఇవ్వకూడదు.

అద్దెదారు కూడా జాగ్రత్తపడాలి. ఇంధనం పేరున్న బంకు బిల్లు దాచుకోవాలి. కారు తీసుకునేటప్పుడు, అప్పగించేటప్పుడు వీడియో తీయాలి. పొరపాటు బంకు సిబ్బందిదైతే అక్కడే రాయించుకోవాలి, ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం బాధితులు తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌ను సంప్రదించవచ్చు. ఉమ్మడి తనిఖీ, ల్యాబు నివేదిక లేనిదే డిపాజిట్‌లో కోత పెట్టరాదన్న షరతు ప్రతి అద్దె ఒప్పందంలో ఉండేలా ప్రభుత్వం నిబంధన తేవాలి.