రాయి పేరు కూలోడికి ఎందుకు చెప్పరు?

మన ఆత్రేయపురంలో ఎంత లోతు గునపం దించినా రాయి తగలదు. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రూ ఇసకా తప్ప ఏవుంది? అందుకని రత్నాల గొడవ మనకెందుకులే అనుకోకండి. ఇసక ర్యాంపులో లారీకెత్తి నడుం విరిగేదెవరికి, బిల్లు వచ్చేదెవరి పేర? నెల్లూరు అభ్రకం గనుల్లోనూ ఇదే కథ, ఇంకా పచ్చిగా.

గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టూ నేలలో పెగ్మటైట్ అనే రాతి నరాలున్నాయి. భూమి లోపల కరిగిన రాతిలో కడపట మిగిలింది గడ్డకట్టి పెద్ద పెద్ద స్ఫటికాలైంది. నడుమ పలుగురాయి, చుట్టూ ఫెల్‌స్పార్, అభ్రకం. పలుగురాయి అంచున అక్కడక్కడా ఆరు పలకల కడ్డీలు తగులుతాయి. అదే బెరిల్. తేటగా ఉండి క్రోమియం పచ్చదనం ఎక్కితే మరకతం, ఇనుము వల్ల నీలమైతే ఆక్వామెరిన్. మసకది నగకి పనికిరాదు గానీ అందులోంచి బెరీలియం లోహం తీస్తారు. ఉపగ్రహాలకీ అణు రియాక్టర్లకీ కావాలి అది.

నూరేళ్ళకు పైగా ఆ గనుల్లో దిగిన మాల మాదిగలకీ యానాదులకీ, అభ్రకం పొరలు విప్పిన ఆడవాళ్ళకీ ఈ సంగతి ఎవడు చెప్పాడు? కూలిరేటు చెప్తారు, రాయి పేరు చెప్పరు. పేరు తెలిస్తే ధర అడుగుతారు గదా!

చదువు రానోళ్ళకి ఖనిజశాస్త్రం ఏం తెలుస్తుందని ఎగతాళి. శుద్ధ అబద్ధం. బెరిల్ కాఠిన్యం ఏడున్నర నుంచి ఎనిమిది, పలుగురాయిది ఏడు. బెరిల్ మొనతో పలుగురాయి మీద గట్టిగా గీస్తే గాటు పడుతుంది, తుడిచినా పోదు. అపటైట్‌కీ ఆరు పలకలే, కానీ చాకుమొనకే గీత పడుతుంది. టూర్మలిన్ అయితే నిలువునా గాట్లు, అడ్డంగా చూస్తే మూడు పలకలు. చేత్తో ఎత్తి బరువు చూసి చెప్తానన్న దళారీని మాత్రం నమ్మొద్దు. బెరిల్, పలుగు బరువులో ఇంచుమించు ఒకటే. నగకి పనికొచ్చే రాయా కాదా అన్నది ప్రయోగశాల తేల్చాలి, ఆ కాగితం తవ్వినవాడి చేతికి రావాలి.

బెరిల్ అన్న పేరు కూడా దొరలది కాదు. మన ప్రాకృతంలో వెళురియ అన్నదే గ్రీకుల నోట బెరిల్లోస్ అయింది. సామఞ్ఞఫల సుత్తంలో బుద్ధుడు తేటైన వెళురియ మణినీ, అందులో గుచ్చిన రంగు దారాన్నీ ఉపమానం చెప్పాడు. కళ్ళున్నవాడు చేతిలో పెట్టుకు చూస్తే దారం కనబడుతుందట. మనవాళ్ళని చేతిలో పెట్టుకు చూడనిస్తేగా!

గొలుగొండ మండలం కరక కొండమీద ఇంకో ఘోరం. అక్కడి రంగురాళ్ళు క్రైసోబెరిల్, అదీ బెరీలియం ఖనిజమే. పిల్లికన్ను రాయి దొరుకుతుందని దళారులు ఆశపెడితే దొంగచాటు గోతుల్లో దిగినవాళ్ళ మీద మట్టి కూలి ప్రాణాలు పోయాయి. చచ్చినవాడు దొంగ తవ్వకందారు. ఆ రాయే ఉంగరంలో కూచుంటే వైడూర్యం, గ్రహశాంతి!

చట్టం సంగతి చూద్దాం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఏజెన్సీ భూముల్లో గిరిజనేతరులకిచ్చిన లీజులు చెల్లవంది. లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి పెట్టాలంది. గొప్ప తీర్పు. కానీ నెల్లూరు యానాది షెడ్యూల్డు తెగవాడే అయినా ఆయన ఊరు షెడ్యూల్డు ప్రాంతం కాదు. తీర్పు అక్కడికి రాదు. దళితుడికైతే ఎక్కడా రాదు. 2023 దాకా బెరిల్ అణు ఖనిజం. ఆ ఏడాది చట్టం మార్చి కీలక ఖనిజాల్లో చేర్చారు. వేలం వేసేది కేంద్రం, పాడేది కంపెనీలు. తట్టా గునపం ఉన్నవాడికి ఆ పాటలో చోటేది?

పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. చట్టం కింద అది వృత్తిరోగం, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు. టీబీ అని రాసి మాత్రలిచ్చి పంపితే పరిహారం ఎగ్గొట్టొచ్చు. ఆసుపత్రి చీటీ మీద గనిలో ఎన్నేళ్ళు చేశాడో రాయించండి. రాయకపోతే కదలకండి.

2015 నుంచి ప్రతి గనుల జిల్లాలో జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి ఉంది. గనుల వల్ల దెబ్బతిన్న జనం కోసమే అది. మీ జిల్లాలో ఎంత జమైంది, ఏ పేటలో ఖర్చయింది, ఏ గనిలో ఏ ఖనిజం ఎంత తీసినట్టు చూపారు అని సమాచార హక్కు కింద రాసి అడగండి. పేదరికపు రేఖకు దిగువనున్నవాళ్ళకి రుసుం లేదు. ర్యాంపుల్లో చేసే మనవాళ్ళూ ఇసక లెక్కలు ఇలాగే అడగొచ్చు. వచ్చిన జవాబు రచ్చబండ దగ్గర కాదు, పేటలో చదివించండి.