ఫార్మాట్ కొడితే సెట్ కాదు

మొన్న నల్లగొండల ఒక రిపేరు షాపు ముందర విన్న మాట ఇంకా చెవుల్లోనే ఉన్నది. "వైరస్ ఎక్కింది సార్, ఫార్మాట్ కొడితే సెట్ అయితది." కంప్యూటర్ తెచ్చింది మునుగోడు దిక్కు నుంచి వచ్చిన ఒక రిటైర్డు పంతులు. ఆన్ చేసిన పది నిమిషాలకు నీలం తెర, లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. ఆ చప్పుడు విన్నంక కూడా వైరసేనా? వైరస్ ఏనాడన్న చప్పుడు చేసిందా?

నా కోపానికి కారణం ఉన్నది. దేవరకొండ చుట్టుపక్కల ఊర్లు తిరిగి ముసలోళ్ళ నోట నాట్ల పాటలు రికార్డు చేసిన. మూడేండ్ల పని. కంప్యూటర్ ఆగాగి పోతుంటే షాపుకిస్తే, ఇదే మాట చెప్పి డిస్కు తుడిచి చేతిల పెట్టిండ్రు. అందుల పాడిన అవ్వ ఇప్పుడు లేదు. ఆమె పాటా లేదు.

హార్డ్ డిస్కు అంటే నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరిగే పళ్ళాలు. చదివే తల వాటిని తాకకుండా, వెంట్రుక మందంల వెయ్యో వంతు కూడా లేని ఎత్తుల తేలుతది. పళ్ళెం మీద ఒక చోటు పాడై, విండోస్‌కు కావల్సిన ఫైలు సరిగ్గా ఆడనే ఉంటే, డిస్కు చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తది. అంతసేపు కంప్యూటర్ బిగుసుకపోతది, లేదా కూలుతది. రోగం ఇనుములో ఉన్నది, రాతలో కాదు.

మరి ఫార్మాట్ చేస్తే కొన్నాళ్ళు నడుస్తదేమి? మోసమంతా ఈడనే ఉన్నది. పాడైన చోట కొత్తగా రాయబోతే డిస్కు ఆ చోటును పక్కన పెట్టి, దాచిపెట్టుకున్న వేరే చోటు వాడుకుంటది. యంత్రం లేస్తది, పైసలు ముడుతయి, నయమైందని షాపాయన మనస్ఫూర్తిగా నమ్ముతడు. రెండు నెలలకు మళ్ళీ అదే చప్పుడు. 2007లో వచ్చిన విస్టా నుంచి విండోస్‌ల పూర్తి ఫార్మాట్ పెడితే డిస్కంతా సున్నాలే రాస్తది. అటెన్క ఎంత మొనగాడొచ్చినా ఆ పాట తేలేడు.

కరెంటు సంగతీ చెప్పాలె. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నరు, సంతోషం. కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు, రాస్తుండంగ టక్కున పోయినప్పుడు దెబ్బ తినేది డిస్కే. ఎన్ని ఆఫీసులల్ల యూపీఎస్ బ్యాటరీ సచ్చి ఏండ్లయింది! మార్చినోడు లేడు.

ఎస్‌ఎస్‌డీ వేస్తే పాయె అంటరు. వేయుండ్రి, పాతదాంట్లది తీసినంక. చెక్‌డిస్క్ నడిపితే చాలంటరు. సచ్చే డిస్కును మూల మూలా చదివిస్తే ఇంకింత తొందరగా సస్తది.

చెయ్యాల్సింది కష్టమేం కాదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఉచితమే, రెండు నిమిషాల్ల డిస్కు తన ఆరోగ్యం తానే చెప్తది. ఒక్కోసారి తప్పు కేబుల్‌దే అయితది, అదీ అందుల తెలుస్తది. డిస్కుదే అయితే ముందు కాపీ, తర్వాతనే ఏదైనా. మండలానికి ఒక్కరన్న ఇది నేర్చుకోవాలె. ఎవరు నేర్పాలె, ఎట్ల అన్నది కూసొని మాట్లాడుదాం.

పంతులు సారు డిస్కును ఫార్మాట్ కానియ్యలే, విప్పించుకొని ఇంటికి తెచ్చిన. పాడైన డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ ప్రోగ్రాం మూడు రాత్రులుగా నడుస్తున్నది. మంచి చోట్లన్నీ దిగినయి, ఇప్పుడు మొండి చోట్లకు తిరిగి పోతున్నది. అందుల ముప్పై ఏండ్ల బడి ఫోటోలున్నయట. పొద్దుగాల, మాపుకు ఫోన్ చేసి సారు ఒక్కటే అడుగుతున్నడు, "ఎంతదాకా వచ్చింది బిడ్డా?"