బడి పిల్లల వివరాలకు కాపలా ఎవరు?

2026-27 విద్యాసంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని ఏఐ పాఠాలు ప్రవేశపెడతామని 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ చెప్పింది. పాఠాల వెంట యాప్‌లు వస్తాయి, లాగిన్‌లు వస్తాయి, కంపెనీలతో ఒప్పందాలు వస్తాయి. తల్లిదండ్రుల చేతికి అంగీకార పత్రాలూ వస్తాయి. వాటి మీద సంతకం చేసేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. పిల్లల సమాచారం కోసం ప్రత్యేకంగా రాసుకున్న రక్షణలు ఆ విద్యాసంవత్సరం పొడవునా అమల్లో ఉండవు.

చట్టం లేక కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లోనే వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలు వాడాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. పిల్లల ప్రవర్తనపై నిఘా పెట్టకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. కాగితం మీద గట్టిగానే ఉంది. అయితే నియమాలు నోటిఫై కావడానికే 2025 నవంబరు దాకా పట్టింది. అసలు బాధ్యతలు మొదలు కావడానికి మరో 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే, బడులకు వేసవి సెలవులుండే నెల. పైగా చదువు కోసమో, భద్రత కోసమో అయితే పిల్లలను గమనించేందుకు విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. ‘చదువు కోసం’ అన్న మాటలో ఇమడనిదేముంది?

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకా పాతబడలేదు. 2022 జూన్‌లో అప్పటి ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు సుమారు 5.18 లక్షల ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. సర్కారు లెక్కలో వాటి విలువ 686 కోట్లు. వాటిలోని పాఠాలు ఉచితమన్నారు. ఏడాదిన్నర దాటగానే, 2024 జులైలో, బెంగళూరులోని కంపెనీ లా ట్రైబ్యునల్ ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతించింది. ఏ పార్టీ హయాం అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, రేపు ఎవరి హయాంలోనైనా ఇదే జరగొచ్చు. ట్యాబ్‌లో నింపిన పాఠాలు మెమరీ కార్డులో అలాగే ఉంటాయి, సరే. సిలబస్ మారితే వాటిని దిద్దేదెవరు? పిల్లల వివరాలు కంపెనీ దగ్గర ఉంటే అవి ఎవరి పాలవుతాయి? ఒప్పందం రాసుకునే రోజునే అడగాల్సిన ప్రశ్నలివి.

అప్పులవాళ్లు వేలానికి పెట్టేది కుర్చీలు, కంప్యూటర్లే కాదు. 2014లో అమెరికాలో కనెక్ట్‌ఈడీయూ అనే విద్యా టెక్నాలజీ సంస్థ దివాలా తీసింది. విద్యార్థుల వివరాలు వాళ్లకు తెలియకుండా చేతులు మారకూడదంటూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగింది. అలా అడ్డుపడటానికి మన దగ్గర ఎవరున్నారు?

సర్కారు యాప్ అయితే భయం లేదనుకోవద్దు. దీక్ష యాప్ క్లౌడ్ సర్వర్ ఒకటి భద్రత లేకుండా తెరిచి ఉండటంతో పది లక్షలకు పైగా టీచర్ల, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు బయటపడ్డాయని 2023 జనవరిలో వార్తలొచ్చాయి. అమెరికాలోని మనవాళ్లకు బడుల సాఫ్ట్‌వేర్ సంస్థ పవర్‌స్కూల్ పేరు తెలిసే ఉంటుంది. 2024 డిసెంబరులో దాని డేటా దొంగల పాలైతే, చెరిపేస్తామన్న మాట నమ్మి సంస్థ డబ్బు చెల్లించింది. కొన్ని నెలలకే అదే డేటా చూపించి బడులను మళ్లీ బెదిరించారు.

కాబట్టి ప్రభుత్వాలు చట్టం గడువు కోసం ఆగకూడదు. కంపెనీ మూతపడినా, చేతులు మారినా, ఒప్పందం ముగిసినా పిల్లల డేటా ఎన్ని రోజుల్లో చెరిపేయాలో, చెరిపినట్టు ఎవరు ధ్రువీకరించాలో ఇప్పుడే షరతుగా రాయాలి. తల్లిదండ్రులు కూడా మొహమాటం వదలాలి. విద్యార్థులకిచ్చే గుర్తింపు సంఖ్య అపార్‌కు సమ్మతి స్వచ్ఛందమేనని, ఇచ్చాక వెనక్కి తీసుకోవచ్చని కేంద్రమే చెప్పింది. అయినా టీచరమ్మ అడిగిందని పెట్టేస్తుంటాం సంతకం. పాపం, ఆమెకూ పైనుంచి టార్గెట్లు! తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది, ఆంధ్రలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉంది. వచ్చే సమావేశంలోనే అడగండి: బడిలో ఏయే యాప్‌లు వాడుతున్నారు, ఏ కంపెనీవి, మా పిల్లల వివరాలు ఏమేం తీసుకుంటున్నారు అని. జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఒప్పందం ప్రతిని తెలుగులో నోటీసు బోర్డులో పెట్టమనండి. పెట్టకపోతే రాష్ట్ర విద్యాశాఖకు సమాచార హక్కు కింద దరఖాస్తు చేయండి, రుసుము పది రూపాయలే.