మామ్మ కాలికి మందెప్పుడు?

శ్రీకాకుళం నుంచి తాతతో జార్ఖండ్‌లోని సీతారాండేరాకు వచ్చిన మా మామ్మకు ఎడమకాలు బోదకాలు. చీర కుచ్చిళ్లు పాదం మీదికి జార్చుకునేది. పెళ్లిళ్లకు వెళ్లేది కాదు. రోజూ సాయంత్రం సబ్బునీళ్లతో ఆ కాలు కడిగి, మడతల్లో తడి లేకుండా తుడవడం నా పని.

ఆ జబ్బుకు మనం నేటికీ మింగుతున్న డీఈసీ మాత్ర 1947 నాటిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధనల ఫలం అది. జబ్బు తెచ్చే పురుగుల్లో, రక్తంలోని పిల్ల పురుగుల్ని ఆ మాత్ర బాగా చంపుతుంది. ఏళ్ల తరబడి బతికే పెద్ద పురుగుల్ని పూర్తిగా చంపలేదు. అందుకే ఏటేటా పంచాల్సి వస్తోంది. ముదిరిన వాపును మాన్పే మాత్ర అసలే లేదు.

ఇలాంటి జబ్బులకు కొత్త మందులు చేసే దారి ఒకటి మలేరియా విషయంలో కనిపించింది. ఆ జబ్బుకు వాడే ఆర్టెమిసినిన్ మందు మాచిపత్రి జాతి మొక్కలో దొరుకుతుంది. అమెరికాలోని బర్కిలీలో జే కీస్లింగ్ అనే శాస్త్రవేత్త బృందం ఆ మొక్క జన్యువుల్ని ఈస్టులో పెట్టి, 2006లో ఆర్టెమిసినిన్ ముడిపదార్థాన్ని తీసింది. రొట్టెను పొంగించే ఈస్టు చేత మందు చేయించారు! 2013లో సనోఫీ అనే మందుల కంపెనీ పెద్దఎత్తున తయారీ మొదలుపెట్టింది. కానీ మొక్కల నుంచి తీసిన సరుకు చవకై, ఆ తయారీ నిలదొక్కుకోలేదు. విద్య ఓడలేదు, బేరం ఓడింది.

బోదకాలు ఒక్కటే కాదు, మా జార్ఖండ్‌లోనే దుమ్కా, గొడ్డా, పాకుడ్, సాహిబ్‌గంజ్ జిల్లాల్ని కాలా అజార్ అనే జ్వరం దశాబ్దాలుగా పీడించింది. పేదల జబ్బులకు లాభం చూసే కంపెనీ రాదు. ప్రభుత్వమే మన ప్రయోగశాలలకు డబ్బివ్వాలి, తయారైన మందు తానే కొంటానని ముందుగా మాటివ్వాలి.

అంతదాకా, బోదకాలు మాత్రలు పంచేవాళ్లు గుమ్మంలోకి వస్తే, ఆ మాత్రల్ని దాచిపెట్టకండి. అన్నం తిని, వాళ్ల ఎదుటే మింగండి.