పెట్టుబడి పాఠాలు మనకెందుకంటే...

"తెలుగు చదివే పిల్లలకి వెంచర్ క్యాపిటల్ ఎందుకమ్మా?" అనేవాళ్లున్నారు. కావాలనే నేనంటాను.

అప్పంటే ఏమిటో మన సంతపూర్‌లో మహిళా సంఘాల్లో ఉన్న అమ్మలకి ఎవరూ నేర్పక్కర్లేదు. వ్యాపారం నడిచినా నడవకపోయినా కిస్తీ కట్టాల్సిందే. వెంచర్ పెట్టుబడి అలా కాదు. డబ్బు పెట్టినవాళ్లు వడ్డీకి బదులు కంపెనీలో వాటా తీసుకుంటారు. కంపెనీ మునిగితే వాళ్ల డబ్బూ మునుగుతుంది. పెరిగితే లాభంలోనూ, నిర్ణయాల్లోనూ వాళ్లకీ పాలుంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. మీ కుట్టు యూనిట్ విలువ 80 లక్షలని ఒప్పుకొని ఒకరు 20 లక్షలు పెట్టారు. వాళ్ల వాటా ఎంత? నాలుగో వంతు అనిపిస్తుంది. కానీ వాళ్ల డబ్బు కలిశాక మొత్తం విలువ కోటి, కాబట్టి అయిదో వంతే. ఈ తేడా తెలియకుండా కాగితం మీద సంతకం పెడితే పోయేది మన కష్టమే.

2006లో బెంగళూరులో రెడ్‌బస్ మొదలుపెట్టిన ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు ముగ్గురూ ఇంజనీర్లు. పెట్టుబడి సంగతులు తర్వాతే నేర్చుకున్నారు. అక్కడి అనుభవజ్ఞులు దారి చూపారు. 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి పెట్టింది, 2013లో ఐబిబో సంస్థ రెడ్‌బస్‌ను కొనుక్కుంది. మనకి అలాంటి పెద్దలు పక్కవీధిలో దొరకరు. ఆ లోటు ఆన్‌లైన్ పాఠాలు కొంతైనా తీరుస్తాయి. కేంద్ర ప్రభుత్వ 'స్వయం'లో వ్యాపార పాఠాలు ఉచితంగా వినొచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు.

అయితే కోర్సు చేసినంత మాత్రాన పెట్టుబడిదారులం అయిపోం. సెబీ నిబంధనల ప్రకారం వెంచర్ ఫండ్‌లో డబ్బు పెట్టాలంటే మామూలుగా కనీసం కోటి రూపాయలుండాలి. స్టార్టప్‌లలో చాలావరకు నిలబడవు కూడా. అందుకే "మా కోర్సులో చేరండి, డబ్బు రెట్టింపు చేసుకోండి" అనేవాళ్లని నమ్మొద్దు. మనం నేర్చుకోవాల్సింది, రేపు పెట్టుబడి అడిగేటప్పుడు ఎదుటివాళ్ల షరతులు చదివి అర్థం చేసుకోడానికి.

ఒక్కటే చిక్కు: పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. మన డిపార్ట్‌మెంట్‌కి పని అక్కడే ఉంది. ఈక్విటీని వాటా అందాం, వాల్యుయేషన్‌ని విలువ కట్టడం అందాం, టర్మ్ షీట్‌ని షరతుల పత్రం అందాం. కోర్సు చేసినవాళ్లు వారానికి అయిదు మాటలు తెలుగులో వివరించి ఈ గోడ మీదే పెడితే, కామర్సు వాళ్లు కూడా ఇక్కడికొచ్చి చదువుతారు. అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగితేనే మనకి వచ్చినట్టు.