బరోలోకి గాజు గ్లాసు, ఇప్పసారాకి జీపు

ముందే ఒక మాట. ఇది తాగండని చెప్పే టపా కాదు. నేను తాగుబోతునీ కాను (మా అమ్మ ఇవి చదవదు కాబట్టి 'అప్పుడప్పుడు' అని ఒప్పుకుంటున్నా). మూడు వారాల క్రితం ఒక శనివారం సాయంత్రం జరిగిన విషయం బుర్రలోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నా.

మా ప్రాజెక్టులో ఒక సీనియర్ ఉన్నారు. మిలాన్‌లో మూడేళ్లు పని చేసొచ్చారు. మంచి మనిషి, కోడ్ రివ్యూలో తిట్టరు, అంతకంటే ఏం కావాలి! ఆయన దాచుకున్న ఇటలీ రెడ్ వైన్ సీసా ఒకటి తెరుస్తున్నానని మమ్మల్ని ఐదుగుర్ని ఇంటికి పిలిచారు. బరోలో. సీసా మీద 2010 అని ఉంది. అంటే ఆ ద్రాక్ష కోసేనాటికి నేను జైనూర్‌లో ఇంకా బడికి పోతున్నా.

ఆయన తయారీ చూస్తే నాకు సత్యనారాయణ వ్రతం గుర్తొచ్చింది. సీసాని ముందు రోజే నిలబెట్టారట, అడుగున మడ్డి దిగడానికి. రెండు గంటల ముందే ఒక పెద్ద బుడ్డి మూతి గాజు కూజాలోకి వంపారు, గాలి తగలడానికి. తర్వాత గ్లాసు వంచి తెల్ల కాగితం మీద పట్టుకుని రంగు చూడమన్నారు. నేను ముదురు ఎరుపు ఉంటుందనుకున్నా. కాదు, అంచు దగ్గర కాలిన ఇటుక రంగు. పాతబడే కొద్దీ రెడ్ వైన్‌లో రంగు పదార్థాలూ, వగరు పదార్థాలూ ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. రంగు తగ్గుతుంది, వగరు మెత్తబడుతుంది. ఆ మడ్డి అదే. అసలు బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్షకి రంగు తక్కువ, వగరు మాత్రం బండెడు.

ఈ 'వగరు' దగ్గర నాకు భలే సరదా వేసింది. మిగతావాళ్లు 'డ్రై' అనాలా, 'బిట్టర్' అనాలా అని కొట్టుకుంటున్నారు. ఉగాది పచ్చడి తిని పెరిగినవాళ్లు! చేదు వేరు, వగరు వేరు అని మనకి ఐదేళ్లకే తెలుసు. నోట్లో లాలాజలాన్ని పట్టేసి నాలుకని గరుకు చేసేది వగరు. పచ్చి నేరేడుపండు తిన్నవాడికి టానిన్ గురించి పాఠం అక్కర్లేదు.

వాసన చూడమన్నారు. ఒకరు ఎండు గులాబీ అన్నారు, ఒకరు తారు అన్నారు (రెండూ సరైన జవాబులేనట. పుస్తకాల్లో బరోలో గురించి రాసేవి అవే). నా వంతు వచ్చింది. నేను నిజాయితీగా "ఎండబెట్టిన ఇప్పపువ్వు బస్తా మూతి విప్పినట్టుంది సార్" అన్నా.

అందరూ నవ్వారు. ఒకడు "ఒరేయ్, అది గుడుంబారా బాబూ! ఇది బరోలో" అన్నాడు. సీనియర్ కూడా నవ్వారు. నేనూ నవ్వాను. అదే నాకిప్పుడు చిరాగ్గా ఉంది, నేనెందుకు నవ్వానని.

వైన్ బాగుందా అంటే, బాగుంది. అబద్ధమెందుకు. మింగిన తర్వాత కూడా చాలాసేపు నోట్లో ఉంది. ఇదంతా డబ్బున్నోళ్ల నాటకం అని కొట్టిపారేసే బాపతు కాదు నేను. కాకపోతే ఈ తీర్పుల శాస్త్రం అంత గట్టిదేం కాదని కూడా తెలుసుకోండి. 2001లో ఫ్రాన్స్‌లో బ్రోషే అనే ఆయన తెల్ల వైన్‌లో ఎరుపు రంగు కలిపి ఇస్తే, వైన్ చదువుకుంటున్న విద్యార్థులు రెడ్ వైన్‌కి వాడే మాటలన్నీ దానికి వాడారు. కాలిఫోర్నియాలో హాడ్జ్‌సన్ అనే ఆయన, పోటీల్లో జడ్జిలకి ఒకే సీసాలోని వైన్‌ని మూడుసార్లు తెలియకుండా ఇచ్చి చూశాడు. దాదాపు ఒకే మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒకరు. అది 2008లో అచ్చయింది. అంటే నాలుక ఒక్కటే తీర్పు చెప్పదు. సీసా మీది పేరు చెబుతుంది, గ్లాసు చెబుతుంది, పక్కవాడి ముఖం చెబుతుంది. సరే, మరి ఇప్పసారా గురించి తీర్పు చెప్పిందెవరు? ఆ గదిలో దాన్ని రుచి చూసినవాడిని నేనొక్కణ్ణే.

జైనూర్ తెలియనివాళ్ల కోసం: పాత ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. ఉట్నూరుకి పక్కనే. చుట్టూ గోండు గూడేలు. హైమెన్‌డార్ఫ్ 1940లలో ఉండి గోండుల మీద పనిచేసిన మార్లవాయి మా మండలంలోనే ఉంది. ఆయన భార్య బెట్టీ సమాధి కూడా అక్కడే. మాది గిరిజన కుటుంబం కాదు, మా నాన్నది కిరాణా కొట్టు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారుజామున ఇప్పచెట్ల కింద పువ్వు రాలుతుంది. ఎండెక్కక ముందే, ఎలుగుబంటి తినేయక ముందే గంపల్లోకి ఏరాలి. ఎండబెడితే ద్రాక్ష కిస్మిస్‌లా ముడుచుకుంటుంది. అందులో సుమారు సగం చక్కెరే. మా కొట్టు వెనక గదిలో ఆ బస్తాలు ఉండేవి. అదే నా ముక్కుకి ఆ శనివారం తగిలింది. ఇప్పచెట్టు నాటిన వెంటనే పూయదు, పదేళ్లు ఆగాలి. గూడెంలో ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. తాతల నాటి ద్రాక్షతోట అని ఇటలీవాడు గొప్పగా సీసా మీద రాసుకునేది ఇదేగా?

మా పక్క గూడెంలో ఒక పెద్దాయన ఉండేవాడు, నేను పటేల్ తాత అనేవాణ్ణి. ఆయన సారా రుచి చూసే తీరు ఇంకా నా కళ్ల ముందుంది. ముందు నాలుగు చుక్కలు పొయ్యిలో చల్లేవాడు, మంట ఎలా లేస్తుందో చూడ్డానికి. తర్వాత అరచేతిలో రాసి వాసన. ఒకసారి కోడలు కాచినదాన్ని వాసన చూసి పక్కన పెట్టేశాడు. "మంట ఎక్కువైంది బేటా, పువ్వు మాడింది. దేవునికి పనికిరాదు, మనకే" అన్నాడు. ఇది టేస్టింగ్ నోట్ కాక ఏమిటి? ఎండు పువ్వుని నీళ్లలో నాలుగైదు రోజులు నానబెట్టడం, పులిసిందో లేదో వినికిడితో చెప్పడం (నిజంగానే, కుండ దగ్గర చెవి పెట్టేవాళ్లు), సన్న మంట మీద కుండ మీద కుండ పెట్టి ఆవిరిని చల్లార్చడం. ఆపరేషన్ మాన్యువల్ లేదు, అంతా చేతి వాటం.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఆయన భార్య పోయింది. పోయినవాళ్లకి చేసే దినానికి ఇప్పసారా ఉండాలి. గోండుల్లో పెళ్లికైనా, చావుకైనా, దేవుడికైనా ముందు అది నేలమీద పడాలి. తర్వాతే మిగతావి. కుండలు ఎక్కించారు. ఎవరు చెప్పారో, జీపు వచ్చింది. కుండలు పగలగొట్టారు, నానిన పువ్వు పారబోశారు. అక్కడితో ఆగితే వేరు, ఏడాదంతటికీ ఎండబెట్టి దాచుకున్న రెండు బస్తాల మీద కూడా నీళ్లు కుమ్మరించి పోయారు. తాత మీద కేసు.

దినం ఆగదు కదా. కొడుకు జైనూర్ వచ్చి బెల్టు షాపులో క్వార్టర్ బ్రాందీ కొన్నాడు. దాన్నే నేలమీద పోశారు. ఎక్కడో ఫ్యాక్టరీలో స్పిరిట్‌కి రంగూ వాసనా కలిపి సీసాకెక్కించిన సరుకు అది. తాత ఆ సీసా మూత తీసి వాసన చూసి, ఏమీ అనకుండా పక్కకి తిరిగాడు. ఆయన ఏమీ అనకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఇప్పుడు మీరడగబోయేది నాకు తెలుసు. దూబగుంట సంగతేంటి? 1992లో నెల్లూరు ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. నాకు ఆ ఆడవాళ్లంటే గౌరవం. వాళ్లు తిరగబడింది వేలంపాటలో హక్కులు కొని, ఊరూరా ప్యాకెట్లు పంపి, కూలి డబ్బులు లాక్కున్న కాంట్రాక్టర్ల మీద. తర్వాత ఏమైంది? 1997లో మద్యం తిరిగొచ్చింది. సారా రాలేదు. అంటే ప్రభుత్వానికి లెక్కలో డబ్బులొచ్చేది వచ్చింది, రానిది రాలేదు. తెలంగాణలో 2,620 వైన్ షాపులు. (ఈ 'వైన్ షాపు' అనే పేరు పెట్టినవాడికి నమస్కారం. అక్కడ మా సీనియర్ వైన్ అడిగితే కొట్టువాడు బీరు చూపిస్తాడు.) 2023లో ఆ షాపుల లాటరీకి ఒక్కో దరఖాస్తుకి 2 లక్షలు, షాపు వచ్చినా రాకపోయినా తిరిగివ్వరు. లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులు. గుణించుకోండి. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. తాగుడు చెడ్డదైతే రెండూ చెడ్డవే. కుండ ఒక్కటే చెడ్డదెలా అయింది?

"కానీ నాటుసారా విషం, మనుషులు పోతారు" అంటారు. నల్లబెల్లం, నవసాగరం, ఇంకా ఏమేమో కలిపి అమ్మకానికి కాచే గుడుంబా వేరు, పువ్వూ నీళ్లూ తప్ప ఏమీ లేని ఇప్పసారా వేరు. ఈ తేడా చూడకపోవడం సోమరితనం. గుడుంబా మీద మా వైపు ఆదివాసీ ఆడవాళ్లే కొట్లాడారు, అదీ న్యాయమే. ఇప్పసారా ఎక్కువ తాగినా లివర్ పోతుంది, నేను కాదనను. విషం సంగతికొస్తే, 1986లో ఇటలీలో ఏం జరిగిందో వినండి. చౌక వైన్‌లో ఆల్కహాలు శాతం పెంచడానికి కొందరు వ్యాపారులు మిథనాల్ కలిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ కల్తీకి కేంద్రం ఎక్కడనుకుంటున్నారు? పియమొంతే. మన బరోలో పుట్టిన ప్రాంతమే! మరి ఇటలీవాళ్లు పియమొంతే రైతుల పీపాలు పగలగొట్టారా? కల్తీ చేసినవాళ్ల మీద కేసులు పెట్టారు, తనిఖీలు పెంచారు, 1992లో వైన్ పేర్ల చట్టాన్నే తిరగరాశారు. ఇప్పుడు బరోలో అని రాయాలంటే ద్రాక్ష నూటికి నూరు నెబ్బియోలో ఉండాలి, ఆ పదకొండు ఊళ్లలోనే పండాలి, 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో. తప్పు జరిగిన చోట వాళ్లు చట్టంతో సరుకుని నిలబెట్టారు. మనం జీపు పంపాం.

మన దేశంలోనూ దారులున్నాయి. గోవా ఫెనీకి 2009లో జీఐ గుర్తింపు తెచ్చుకుంది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాని వారసత్వ మద్యంగా ప్రకటించి ఆదివాసీ స్వయం సహాయక సంఘాలతో తయారు చేయిస్తోంది. 2018లో గోవాలో అమ్మకానికొచ్చిన ఇప్ప మద్యం బ్రాండు ఒకటి మన చిత్తూరు జిల్లాలోనే తయారైంది. ఉట్నూరులో అదే పువ్వుతో లడ్డూలు చేస్తే అందరం మెచ్చుకుంటున్నాం. 1970ల మధ్యలోనే కేంద్రం, గిరిజన ప్రాంతాల్లో బయటి మద్యం అమ్మకాలు ఆపండి, ఇంటి వాడకానికి కాచుకోనివ్వండి అని రాష్ట్రాలకి చెప్పింది. 1996 పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకం, వాడకం మీద నియంత్రణని గ్రామసభ చేతిలో పెట్టమంది. గ్రామసభలో ఆడవాళ్లు కూర్చుని "మా గూడెంలో వద్దు" అంటే వద్దు. "దినాలకి, పెళ్లిళ్లకి మాత్రమే" అంటే అంతే. నేను అడిగేది ఇది. రోడ్డు పక్కన అమ్మమని కాదు.

ఇందులో నాకు ఒక భయం కూడా ఉంది. రేపు ఎవరో ఇప్పసారాకి అందమైన సీసా, గోండు బొమ్మలతో లేబుల్ వేసి గచ్చిబౌలిలో రెండువేలకి అమ్ముతాడు. అప్పుడు మా సీనియర్లు గ్లాసు వంచి రంగు చూస్తారు (రంగుండదు, నీళ్లలా ఉంటుంది, ముందే చెప్తున్నా). గూడెంలో కుండకి మాత్రం జీపు వస్తూనే ఉంటుంది. పేరు వాళ్లది, లైసెన్సు ఇంకొకడిది. అలాంటి గుర్తింపు కంటే ఇప్పుడున్న దొంగతనపు బతుకే నయం.

తాత మూడేళ్ల క్రితం పోయాడు. ఆయన దినానికి సారా ఎక్కడ కాచారో నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు.

మొన్న లంచ్‌లో ఇదంతా సీనియర్‌కి చెప్పాను. చాలాసేపు పెరుగన్నం కలుపుతూ కూర్చున్నారు. తర్వాత "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది" అన్నారు. "నేనూ నవ్వాను కదా సార్" అన్నా. మార్చిలో పువ్వు రాలేటప్పుడు జైనూర్ వస్తానన్నారు. తెల్లారి నాలుగింటికే లేవాలని చెప్పాను. అదొక్కటే ఆయనకి కష్టంగా ఉన్నట్టుంది :-)